పై వీధి హరికేను, కింది వీధి జీరో

1943 మార్చిలో నన్ను కర్నూలు జిల్లాలో విమాన గుర్తింపు బోధకుడిగా వేశారు. తాత్కాలిక ఉద్యోగం. పై అధికారులు తనిఖీకి వచ్చి తృప్తిపడితే ఖాయం చేస్తారు, లేకపోతే ఇంటికి పంపుతారు. నేను విమానాశ్రయాల శాఖలో అధికారిగా రిటైరైన మనిషిని గనక, మొదటి పోస్టింగు ఎక్కడని అడిగేవాళ్లు ఏ మద్రాసు పేరో బొంబాయి పేరో చెబుతాననుకుంటారు. నా మొదటి పోస్టింగు బేతంచెర్ల రైల్వే స్టేషను. అక్కడ విమానం దిగే చోటు మాట దేవుడెరుగు, నాపరాళ్ల దొంతుల మధ్య ఎద్దులబండి మళ్లే చోటే ఉండేది కాదు.

విమాన గుర్తింపు అంటే ఆకాశంలో పోయే విమానాన్ని చూసి అది మనదో శత్రువుదో చెప్పడం. అంతకు ముందు ఏడాది జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేసి పోయాక మద్రాసులో పెద్దలకు నిద్ర కరువైంది. కోస్తా పొడుగునా కాపలా పోస్టులు పెట్టారు. అదే ఊపులో రైలు మార్గాల వెంబడి లోపలి జిల్లాల్లోనూ పెట్టారు. స్టేషను చుట్టుపక్కల పల్లెల్లో కొందరికి తర్ఫీదిస్తే, వాళ్లు గుట్ట మీద కూర్చుని ఆకాశం చూస్తుంటారు. శత్రువు విమానం కనబడితే స్టేషను మాస్టరుకు చెబుతారు, ఆయన తంతి కొడతాడు. జపాను పైలటుకు బేతంచెర్లలో ఏం పని ఉంటుందో మాత్రం నాకెవరూ చెప్పలేదు. అడిగే హోదా నాకు లేదు.

మాది ఒంటిమిట్ట దగ్గర పల్లె. మా నాయన మిషను బడిలో ఉపాధ్యాయుడు. ఆ ఏడు నాకు మా చర్చిలోనే ఒక సంబంధం కుదిరింది. కుదిరిందంటే, పిల్ల తండ్రి ఒప్పుకున్నాడు, కానీ ఉద్యోగం పర్మనెంటయిన కాగితం చూపించాకే పెళ్లి మాట ఎత్తమన్నాడు. టెంపరవరీ అల్లుడు తనకొద్దని చర్చి ముంగిట్లో అందరూ వినేలా చెప్పాడు. కాబట్టి ఆ తనిఖీ మీద నాకున్న శ్రద్ధ వట్టి ఉద్యోగ ధర్మం అనుకోకండి.

మద్రాసు శిక్షణలో మాకు నేర్పిన క్రమం ఇది: ముందు రెక్క చూడు, తర్వాత ఇంజను, తర్వాత ఒళ్లు, చివర తోక. మన బ్రిటిషు ఫైటరు విమానం హరికేనుకు ముక్కు కోసుగా ఉంటుంది, వీపు కాస్త గూని. జపాను జీరోకు ముక్కు గుండ్రం, ఒళ్లు సన్నం. ఆ రోజుల్లో ఏ జపాను ఫైటరునైనా జీరో అనేసేవాళ్లం. నిజానికి జీరో వాళ్ల నౌకాదళానిది, బర్మా మీద మనవాళ్లకు ఎక్కువగా ఎదురుపడింది వాళ్ల ఆర్మీ వాడిన ఇంకో రకం. గుండ్రటి ముక్కు, తేలిక ఒళ్లు, బిగువైన మలుపు రెండింటికీ ఉన్నవే గనక మా బోధకులు ఆ తేడా జోలికి పోలేదు.

పోల్చి చెప్పడం కూడా పాఠంలో భాగమే. హరికేను బరువైనది, గట్టిది. పైలటు వీపు వెనక ఉక్కు పలక ఉంటుంది. పెట్రోలు ట్యాంకుకు తూటా తగిలితే ఆ చిల్లిని తానే పూడ్చుకునే రబ్బరు తొడుగు ఉంటుంది. జీరోకు ఇవేవీ లేవు. ఉన్న బరువంతా దించేసుకుని, దానికి బదులుగా అది చాలా చిన్న చుట్టులో మళ్లిపోతుంది. దాన్ని నడిపేవాళ్లు చైనా మీద ఏళ్ల తరబడి యుద్ధం చేసి చెయ్యి తిరిగినవాళ్లు, మనవాళ్లు చాలామంది కొత్తవాళ్లు. అందువల్ల జీరోతో గిరగిరా తిరుగుతూ పోట్లాడకూడదు. ఎత్తు సంపాదించు, మీద నుంచి దూకు, ఒక్కసారి కాల్చు, అదే వేగంతో సాగిపో. దూరం పోయేదాకా వెనక్కి తిరగకు. ఇదీ సూత్రం.

నా కింద ఉన్న పల్లెల్లో రాళ్లకొట్టాల ఒకటి. ఊళ్లో రెండు వీధులు, పై వీధి, కింది వీధి. పై వీధికి పెద్ద ఓబుళరెడ్డి, భారీ మనిషి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. కింది వీధికి పెద్ద మద్దిలేటిరెడ్డి, పొట్టిగా, చురుగ్గా, కూర్చున్న చోట కుదురుగా ఉండేవాడు కాదు. రెండు వీధులకూ తాతల నాటి నుంచి పడదు. ఎందుకు పడదని అడిగితే పై వీధివాళ్లు ఒక కథ, కింది వీధివాళ్లు ఒక కథ చెప్పేవాళ్లు. ఆ రెండింటికీ ఎక్కడా పోలిక ఉండేది కాదు. ఊళ్లో ఏది జరిగినా రెండుగా జరగాలి. దండోరా రెండుసార్లు వేయాలి. నాకు మజ్జిగ ఇచ్చినా రెండు చెంబులు వచ్చేవి, రెండూ ఖాళీ చేయాలి.

క్లాసుకు నా దగ్గర రెండు చెక్క నమూనాలు ఉండేవి, మూరెడేసి పొడుగు, నల్లరంగు వేసినవి. ఒకటి హరికేను, ఒకటి జీరో. రూలు ప్రకారం వాటిని ఊళ్లోనే బాధ్యత గల ఒక పెద్దమనిషి దగ్గర వదలాలి, జనం తీరిక వేళల్లో చూసి అలవాటు పడతారని. రూలు రాసినాయన రాళ్లకొట్టాల చూడలేదు. రెండూ ఒక వీధిలో పెడితే రెండో వీధి క్లాసుకు రాదు. అందుకని చెరొకటి ఇద్దామని, ఇద్దరి చేతా సంచిలో చెయ్యి పెట్టించి తీయించాను. ఓబుళరెడ్డి చేతికి హరికేను వచ్చింది. మద్దిలేటిరెడ్డికి జీరో వచ్చింది.

మద్దిలేటిరెడ్డి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది బాగుండాదా అయ్యోరూ? లేకుంటే పనికిరానిది నాకు అంటగడ్తాండావా?" అని అడిగాడు.

మలుపులో దీన్ని మించింది లేదని ఉన్నమాట చెప్పాను. వెంటనే ఓబుళరెడ్డి ముఖం ముడుచుకున్నాడు. "మరి నాదో?" అన్నాడు. మీది ఎంత దెబ్బనైనా తట్టుకుంటుంది, మీద నుంచి దూకితే దాన్ని పట్టేవాడు లేడని చెప్పాను. అదీ ఉన్నమాటే. ఇద్దరూ మీసాలు సవరించుకుని చెరో వీధికి పోయారు. సమస్య చక్కగా తేల్చానని నా భుజం నేనే తట్టుకున్నాను.

పై నెల మళ్లీ పోయేసరికి రాళ్లకొట్టాల రూపు మారిపోయింది. ఓబుళరెడ్డి హరికేనుకు ఆముదం పట్టించి నిగనిగలాడేటట్టు చేసి దూలానికి వేలాడదీశాడు. జీరోకు మద్దిలేటిరెడ్డి ఇంట్లో పసుపు, కుంకుమ, దిష్టి తగలకుండా నిమ్మకాయ. అంతకు ముందు ఈడ్చుకొచ్చినా రాని జనం ఇప్పుడు నాకంటే ముందే వచ్చి కూర్చున్నారు. నేను నోరు తెరవకముందే పాఠం మొదలైంది.

"మా దానికి వీపెనక ఉక్కు పలక ఉండాది. మీ దానికేముండాదప్పా, దుప్పటా?" అని పై వీధి నుంచి ఒకడు.

"ఎనక దెబ్బ తినేటోనికి గదప్పా పలక కావల్ల! మా వోడు ఎవున్ని ఎనకపడనిస్తాడు?" అని కింది వీధి నుంచి ఇంకొకడు.

ఎదటి వీధి విమానంలో ఒక్క లోపాన్ని పట్టుకోవడం కోసం రెండు వీధులూ నన్ను పీక్కు తిన్నాయి. జీరో ట్యాంకు ఎక్కడుందని పై వీధి అడుగుతుంది. హరికేను పైకెక్కడానికి ఎంత సేపు తీసుకుంటుందని కింది వీధి అడుగుతుంది. నాకు తెలియనివి మద్రాసుకు రాసి తెప్పించుకున్నాను. ఫలితం ఏమిటంటే, విమానం ఆకారం నల్లగా గీసిన నీడ బొమ్మ చూపించి రెప్పపాటులో తీసేసినా ఆ ఊళ్లో పేరు తప్పు చెప్పేవాడు లేకుండా పోయాడు. మిగతా పల్లెల్లో గద్దను చూసి కూడా తంతి కొట్టించారు. ఈ ఊరివాళ్లది అసాధారణమైన శ్రద్ధ అని నేను నివేదికలో రాశాను. ఆ శ్రద్ధ ఎక్కడి నుంచి వచ్చిందో రాయలేదు, ఆ గడి ఫారంలో లేదు.

దాంతో తనిఖీకి రాళ్లకొట్టాలనే ఎన్నుకున్నారు. డిప్యూటీ కలెక్టరుగారు వస్తారు. ఆయనతో పాటు బర్మా యుద్ధంలో చెయ్యి విరిగి విశ్రాంతిలో ఉన్న ఒక స్క్వాడ్రన్ లీడరు, అంటే ఫైటర్ల దళానికి నాయకుడు, ఇంగ్లీషు దొర, వస్తాడు. ఈ మాట వినగానే నాకు సంతోషం, దాని వెనకాలే భయం. దొర ముందు ఊళ్లో సగం మంది జపాను విమానానికి జై కొడితే నా ఉద్యోగం సంగతి సరే, మద్దిలేటిరెడ్డి యుద్ధకాలపు రూళ్ల కింద నేరుగా జైలుకు పోతాడు. అప్పట్లో అంతకంటే చిన్న మాటలకే మనుషుల్ని లోపల వేశారు.

పరుగున మద్దిలేటిరెడ్డి దగ్గరికి పోయాను. అది శత్రువు విమానం, ఆ ఒక్క పూట దాని తరఫున మాట్లాడవద్దని బతిమాలాను.

"శత్రువుదైతే నాకేల ఇచ్చినావు?" అన్నాడు.

"గుర్తుపట్టడానికి రెడ్డిగారూ."

"గుర్తుపట్టినాం గదా. ఇంగ అది మాది. ఓబుళరెడ్డి ముందర మా ఇమానం తక్కువని నా నోటితో నేను చెప్పల్లనా? జైల్లోనన్నా కూచుంటా గానీ ఆ పని నాతో కాదు."

సరే, నమూనాలు మార్చుకుంటే పోతుందని ఓబుళరెడ్డి దగ్గరికి పోయాను. ఆయన నన్ను తలుపు దగ్గరే ఆపాడు. "హరికేనును ఆయప్ప చేతికిచ్చి నేను ఆ చచ్చుది పట్టుకోని తిరగల్లనా? శానా బాగుండాది అయ్యోరూ నీ న్యాయం!" అన్నాడు. ఇక చేసేదేమీ లేక ప్రార్థన చేసుకున్నాను.

తనిఖీ స్టేషను పక్కన, నాపరాతి పలకల దొంతుల ముందున్న ఖాళీ జాగాలో పెట్టారు. రెండు పందిళ్లు వేశారు. దండలు కూడా వచ్చిన ఒక్కొక్కరికీ రెండేసి తెచ్చారు. దొర మెడలో వేసిన రెండు దండల్లో విరిగిన చెయ్యి మునిగిపోయింది. ఆయనకు తెలుగు రాదు, నేను పక్కన నిలబడి ఇంగ్లీషులో చెప్పాలి. డిప్యూటీ కలెక్టరుగారికి రెండు భాషలూ వచ్చు. కాబట్టి నా అనువాదంలో సర్దుబాట్లకు తావు లేదు.

డిప్యూటీ కలెక్టరుగారు ఉపన్యాసం మొదలుపెట్టారు. మంచి మనిషే, కానీ పై నుంచి వచ్చిన కరపత్రాన్ని బట్టీపట్టి వచ్చారు. జపాను విమానాలు వెదురుపుల్లలతో, కాగితాలతో చేసినవనీ, వాళ్ల పైలట్లకు చూపు సరిగా ఆనదనీ, మన విమానాన్ని చూస్తేనే పారిపోతారనీ చెప్పారు. పై వీధి చప్పట్లు మోగించింది. నేను కింది వీధి వైపు చూడలేదు. చూడకుండానే మద్దిలేటిరెడ్డి లేచిన చప్పుడు తెలిసింది.

"ఎవురు సార్ మీకు చెప్పింది, కాగితమని? తిరగమనండి, ఈ హరికేనును మా దాంతో సమంగా తిరగమనండి! ఎనక్కొచ్చి కూచుంటాది మా ఇమానం! అప్పుడు తెలుస్తాది ఎవురు పారిపోతారో!"

కింది వీధి మొత్తం కేక పెట్టింది. డిప్యూటీ కలెక్టరుగారి ముఖం సున్నమేసిన గోడలా అయింది. వెంట వచ్చిన హెడ్ కానిస్టేబుల్ని పిలిచి, "హెడ్డూ, ఆ మనిషి పేరు రాసుకో. ఇప్పుడే ఠాణాకు తీసుకుపో," అన్నారు. నా వైపు చూసి, రేపటి నుంచి నేను రానక్కరలేదని ఇంగ్లీషులో చెప్పారు. హెడ్ కానిస్టేబులు మద్దిలేటిరెడ్డి భుజం మీద చెయ్యి వేశాడు.

అప్పుడు ఓబుళరెడ్డి లేచాడు. సంతోషంతో లేచాడేమో అనుకున్నాను. ఆయన వచ్చి హెడ్ కానిస్టేబులుకు అడ్డం నిలబడ్డాడు.

"ఏమప్పా హెడ్డూ, ఆయప్పను తీస్కపోతే మేమెవురి మీద గెలవల్ల? ఉత్త గాలి మీదనా? ముందు మా హరికేను గెలవనీ. ఆ పైన యాడికన్నా తీస్కపో."

ఏం జరుగుతోందని దొర నన్ను అడిగాడు. ఎటూ ఉద్యోగం పోయింది గనక దాచకుండా మొదటి నుంచీ చెప్పాను: రెండు వీధులు, సంచి, నిమ్మకాయ, అన్నీ. ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. లేచి దండలు తీసి పక్కన పెట్టి, ఆ రెండు నమూనాలూ తెమ్మన్నాడు. వాళ్లు కోరినట్టే పోటీ పెడదామన్నాడు. డిప్యూటీ కలెక్టరుగారు ఏదో అనబోయారు గానీ, విమానాల సంగతిలో ఆయన హోదా దొర హోదాకు దిగువ.

దొర చెప్పిన ఏర్పాటు ఇది. మద్దిలేటిరెడ్డి జీరో పట్టుకుని మైదానం నడుమ నిలబడాలి, ఎటు కావాలంటే అటు మళ్లవచ్చు. ఓబుళరెడ్డి హరికేను పట్టుకుని పలకల దొంతి ఎక్కాలి. అదే ఎత్తు. అక్కడి నుంచి దిగి వచ్చి, జీరోను గానీ దాన్ని పట్టుకున్న మనిషిని గానీ ముక్కుతో తాకి, ఆగకుండా సాగిపోవాలి. దూరం పోయేదాకా వెనక్కి చూడకూడదు. ఆ లోపల జీరో వెనక నుంచి వచ్చి తాకితే హరికేను ఓడినట్టే. ఇదంతా నేను ఓబుళరెడ్డికి రెండుసార్లు చెప్పాను. ఆయన తల ఊపాడు, పంచె ఎగగట్టాడు.

దొంతి ఎక్కడానికి ఆయనను ఇద్దరు కింద నుంచి తోయవలసి వచ్చింది. దిగడం మాత్రం ఎవరి సాయమూ లేకుండా దిగాడు. అంత మనిషి అంత వేగంగా రావడం నేను చూడలేదు. మద్దిలేటిరెడ్డి పక్కకు తప్పుకునే లోపలే హరికేను ముక్కు ఆయన భుజానికి తగిలింది. పై వీధి ఎగిరి గంతేసింది. ఓబుళరెడ్డి సాగిపోతున్నాడు, పాఠంలో ఉన్నట్టే. సరిగ్గా అప్పుడు కింది వీధి అందుకుంది.

"పారిపోతాండాడ్రోయ్! ఓబుళరెడ్డి పారిపోతాండాడు!"

ఆయన జన్మలో ఆ మాట పడ్డవాడు కాదు. ఠక్కున ఆగాడు. గిర్రున వెనక్కి తిరిగి, "ఎవుడ్రా పారిపోయేది?" అన్నాడు. ఆ మాట ముగిసేసరికి మద్దిలేటిరెడ్డి చిన్న చుట్టు చుట్టి వెనక్కి చేరుకున్నాడు. జీరో ముక్కు ఓబుళరెడ్డి నడుముకు ఆనింది.

ప్రభుత్వం వారి విమానం ప్రభుత్వం వారి ఎదటే శత్రువు చేతిలో ఓడిపోయింది. కింది వీధి ఈలలు వేసింది. డిప్యూటీ కలెక్టరుగారు కళ్లు మూసుకున్నారు. ఇప్పుడు ఇద్దరిలో ఎవర్ని పట్టుకోవాలో తెలియక హెడ్ కానిస్టేబులు ఆయన వైపు చూస్తూ నిలబడ్డాడు.

దొర బాగున్న చెయ్యెత్తి గోల ఆపించాడు. తాను చెప్పేది మెల్లగా, ఒక్కొక్క మాటే తెలుగులో చెప్పమన్నాడు. తన దళంలో చాలామంది ఇప్పుడు చూసినట్టే చనిపోయారన్నాడు. దూకాక సాగిపోవాలని వాళ్లందరికీ తెలుసు. పరీక్షలో రాశారు కూడా. అయినా వెనక్కి తిరిగారు. భయపడి పోతున్నాడని తోటివాళ్లు అనుకుంటారేమోనని తిరిగారు. జపాను విమానం కాగితమని వాళ్లకు చెప్పి పంపినవాళ్ల మీద తనకు ఇప్పటికీ కోపమే అన్నాడు. ఈ మద్దిలేటిరెడ్డి మాటలు వాళ్లు ముందే విని ఉంటే కొందరైనా మిగిలేవాళ్లన్నాడు. అనువాదం చేసేవాడు ఏడవకూడదు గనక దగ్గాను.

మళ్లీ చేయమన్నాడు. ఈసారి ఓబుళరెడ్డి దొంతి మీద నిలబడి కాసేపు కిందికే చూశాడు. తర్వాత దూకాడు, తాకాడు, సాగాడు. కింది వీధి ఉన్న నోరంతా పెట్టి అరిచింది. దొరే అరవమన్నాడు మరి. ఓబుళరెడ్డి మెడ నరాలు ఉబ్బాయి, దవడలు బిగిశాయి, కానీ తల తిరగలేదు. ప్లాటుఫారం దాటాడు, సిగ్నలు స్తంభం దాటాడు, నాపరాతి గనుల వైపు మలుపు తిరిగి కనబడకుండా పోయాడు. దూరం అంటే ఎంత దూరమో దొర చెప్పలేదు, నేనూ చెప్పలేదు. అందరం ఎదురు చూశాం. మనిషి రాలేదు.

మద్దిలేటిరెడ్డి జీరోను చంకలో పెట్టుకుని ప్లాటుఫారం చివరికంటా పోయాడు. చేతులు నోటికి అడ్డం పెట్టుకుని పిలిచాడు.

"ఓబుళరెడ్డీ! సాలు రాప్పా! ఇంగ నవ్వంలే!"

ఆ ఇద్దరిలో ఒకరు రెండోవారిని పేరు పెట్టి పిలవడం ఊళ్లో చాలామంది అదే మొదటిసారి వినడం. కాసేపటికి ఓబుళరెడ్డి దుమ్ము కొట్టుకుని, హరికేనును గుండెకు ఆనించుకుని వచ్చాడు. మద్దిలేటిరెడ్డి నవ్వలేదు. ఆయన నవ్వలేదు గనక వీధి కూడా నవ్వలేదు.

మద్దిలేటిరెడ్డిని లోపల వేసేట్టయితే తననూ వేయాలని, రోజూ పొద్దున తాను పైలట్లకు చెప్పేది ఇదేననీ దొర డిప్యూటీ కలెక్టరుగారితో అన్నాడు. పేరు కొట్టేశారు. ఆ సాయంత్రం మద్దిలేటిరెడ్డి నా దగ్గరికి వచ్చి, తన పేరు రాసి కొట్టేసినారు గదా, ఓబుళరెడ్డి పేరు అసలు రాయనే లేదేమని తగువు పెట్టుకున్నాడు. ఊరు బాగుపడిందని ఎవరైనా అనుకుంటే అది వాళ్ల అమాయకత్వం. పై నెల క్లాసుకు మళ్లీ రెండు చెంబుల మజ్జిగే వచ్చింది.

నా ఉద్యోగం ఖాయమైంది, పెళ్లయింది. దొర సిఫారసుతో నన్ను కడపలో, వైమానిక దళంలో చేరబోయే కుర్రాళ్ల శిక్షణ శిబిరానికి బోధకుడిగా మార్చారు. అక్కడ నేను గమనించింది ఒకటే. హరికేనుకూ జీరోకూ ఉన్న తేడాలు ఎవరికైనా ఒక పూటలో చెప్పవచ్చు. కొట్టాక తలతిప్పకుండా పోవడం నేర్పడానికే మిగతా కాలమంతా పట్టేది. అందుకని ఒక్కొక్కణ్ణి మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తించి, వాడి స్నేహితుల చేతనే పిరికివాడని కేకలు వేయించేవాణ్ణి. తిరిగి చూసినవాణ్ణి మళ్లీ మొదటి నుంచి పరుగెత్తించేవాణ్ణి. దేశంలో ఏ మూల నుంచి వచ్చినవాడైనా త్వరగానే దారికొచ్చేవాడు. మా కడప, కర్నూలు కుర్రాళ్ల దగ్గరే చాలా ఆలస్యమయ్యేది.